కొత్తింట్లో మొదటి క్రిస్మస్‌కి పాతకాలపు కళ ఎట్లా తేవాలి?

వందనాలు చెల్లె. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నల్లగొండలో కొత్తిల్లు కట్టుకొని అక్టోబరులో ప్రార్థన పెట్టించుకొని దిగారు, ఇదే మొదటి క్రిస్మస్. దేవరకొండ దగ్గర మీ అత్తగారి పాతిల్లు కూలగొట్టినప్పుడు వచ్చిన సందూగ (పెద్ద పెట్టె), ఇత్తడి బిందెలు, గంగాళం, రెండు కందీళ్లు (లాంతర్లు), కుట్టు మిషను, ఒక డబ్బా నిండా ఫోటోలు మెట్ల కింద పడున్నాయి. వాటితో పాతకాలపు క్రిస్మస్ లాగా చేయాలని ఉంది. ఎవరో డెకరేటర్ 'వింటేజ్ థీమ్' అని 35 వేలు చెప్పాడు, మీ దగ్గర 8 వేలున్నాయి, ఇంట్లో నాలుగేళ్ల పాప, ఏడేళ్ల బాబు. అంతే కదా.

నేను 30 ఏళ్లకు పైగా టెంట్‌హౌస్, లైటింగ్ పని చేసినవాణ్ని. చర్చిలు, పెళ్లిళ్లు, బాప్తిస్మం కూటాలు అన్నీ చేశాను. చిన్నప్పుడు పెరిగింది కూడా దేవరకొండలో మెన్నోనైట్ బ్రదరన్ అనే ప్రొటెస్టెంటు సంఘం వాళ్ల మిషన్ కాంపౌండ్ పక్కనే, అందుకని మీ అత్తగారింటి క్రిస్మస్ ఎట్లా ఉండేదో ఊహించగలను. ఆ 35 వేలలో ఏముంటుందో కూడా తెలుసు, ఎందుకంటే అట్లాంటి సామాను నేనూ అద్దెకిచ్చాను. తుప్పు రంగు స్ప్రే కొట్టిన కొత్త రేకు లాంతర్లు, మరకలు అద్దిన కొత్త చెక్క పెట్టెలు, ప్లాస్టిక్ ఆకుల దండలు. మీ మెట్ల కింద అసలుది పెట్టుకొని నకిలీది అద్దెకు తెచ్చుకోవడం ఎందుకు? వద్దని చెప్పేయండి.

సామాను సంగతి తర్వాత, ముందు లైటు. మీది అన్ని కొత్తిళ్ల లాంటి ఇల్లే అనుకుంటున్నా, పుట్టీ పెట్టిన తెల్ల గోడలు, అద్దంలా మెరిసే టైల్స్, ఫాల్స్ సీలింగ్‌లో తెల్లటి లైట్లు. ఆ తెల్ల లైటు కింద వందేళ్ల బిందె పెట్టినా సామాన్ల దుకాణంలో పెట్టినట్టే ఉంటుంది. బల్బు డబ్బా మీద 6500 కెల్విన్ అని ఉంటే అది తెల్లది, 2700 అని ఉంటే పసుపు, దాన్నే వార్మ్ వైట్ అంటారు. హాల్లోకి 2700వి నాలుగు కొనండి. పండుగ వారం రోజులు సీలింగ్ లైట్లు ఆర్పేసి, ఈ బల్బులను మనిషి ఎత్తుకంటే కిందే పెట్టండి, మూలన ఒకటి, కుట్టు మిషను పక్కన ఒకటి, అట్లా. అప్పట్లో వెలుగు పైనుంచి పడేది కాదు, గూట్లో దీపం నుంచో మేకుకు తగిలించిన కందీలు నుంచో పక్కగా వచ్చేది, సగం గది నీడలోనే ఉండేది. ఈ ఒక్క పని చేస్తే సగం డెకరేషన్ అయిపోయినట్టే, ఖర్చు వెయ్యి దాటదు. టైల్స్ మెరుపు చంపడానికి వరంగల్ జంపఖానా ఉంటే పరవండి, లేదంటే మామూలు చాపయినా సరే.

సీరియల్ లైట్లు కూడా ఒకే రంగు, పసుపువే తీసుకోండి, మిణుకు మిణుకుమని ఆరి వెలిగే స్విచ్ ఉంటే దాన్ని నిలకడగా వెలిగేదాంట్లో పెట్టేయండి. మేం పనిలో ఉన్నప్పుడు 6 వోల్టుల బల్బులు 38, 40 వరుసగా కట్టి 230 వోల్టుల కరెంటుకి సరిపెట్టేవాళ్లం, ఒక్కటి మాడిపోతే మొత్తం దండ ఆరిపోయేది, చర్చి కప్పు మీద కూర్చొని ఏది పోయిందో ఒక్కొక్కటి పీకి చూసేసరికి తెల్లారేది. ఆ పాత సీరియల్ సెట్లు ఎవరైనా ఇస్తామన్నా తీసుకోకండి, పిల్లలున్న ఇంట్లో చీలిన వైర్లతో పని లేదు. ఎల్‌ఈడీవే పెట్టుకోండి. పాతకాలం అంటే పాత కరెంటు పని అని కాదు.

కందీళ్ల విషయమూ అంతే. కిరోసిన్ పోసి వెలిగించకండి. చిమ్నీ తీసి ముగ్గుపిండితో, పాత దినపత్రికతో తుడవండి, లోపల బ్యాటరీతో వెలిగే చిన్న కొవ్వొత్తి పెట్టండి. చిమ్నీ మీద కొంచెం మసి ఉంచేస్తే వెలుగు ఇంకా మెత్తగా వస్తుంది, అది నేను అనుభవంతో చెప్తున్నా. ఒకటి దర్వాజ పక్కన, ఒకటి మెట్ల మలుపులో.

ఇప్పుడు నక్షత్రం. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఏమనుకోకండి, నాకు ఇష్టమైన పని. బజారులో మడత విప్పితే తెరుచుకునే స్టార్ దొరుకుతుంది, బాగానే ఉంటుంది, కానీ మీ అత్తగారింటి మీద వేలాడింది అది కాదు. వెదురు బద్దలతో ఇంట్లోనే కట్టేవాళ్లు. మూడడుగుల బద్దలు 10 కావాలి, ఒక్కో చుక్కకి, అంటే అయిదు కొనల నక్షత్రానికి, అయిదు, అట్లాంటివి రెండు చుక్కలు. కాగితం మీద పెన్ను ఎత్తకుండా చుక్క గీస్తాం కదా, బద్దలు కూడా అదే వరుసలో ఒకదాని మీదుగా, ఒకదాని కిందుగా వెళ్లాలి. చాలామంది ఇక్కడే తప్పుతారు, చుక్క ఒక పక్కకి ఒరిగిపోతుంది. దానికి కిటుకు ఏమిటంటే ప్రతి బద్దకి రెండు కొనల నుంచి 13 ముప్పావు అంగుళాల దగ్గర పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి, మధ్యలో ఎనిమిదిన్నర అంగుళాలు మిగులుతుంది. బద్దలు ఆ గుర్తుల దగ్గరే ఒకదాన్నొకటి దాటాలి. గుర్తు మీద గుర్తు పెట్టి సుతిలితో కట్టుకుంటూ పోతే చుక్క దానంతటదే సమంగా వస్తుంది. మీ ఏడేళ్లవాడితో గుర్తులు పెట్టించండి, స్కేలు పట్టుకోవడం వస్తుంది. లోపల దీపం పెట్టే కాగితపు నక్షత్రాలు జర్మనీలో నీస్కీ అనే ఊళ్లో 1830ల్లో బడి పిల్లలకు రేఖాగణితం నేర్పడానికే మొదలయ్యాయి, మొరేవియన్ క్రైస్తవుల బడి అది. కాబట్టి హోంవర్కు ఎగ్గొట్టి స్టార్ కడుతున్నాడని ఎవరైనా అంటే మీకు జవాబుంది.

రెండు చుక్కలు అయ్యాక ఒకదాని మీద ఒకటి పెట్టి అయిదు కొనలూ గట్టిగా కలిపి కట్టండి. తర్వాత లోపల బద్దలు దాటుకునే అయిదు చోట్ల రెండు చుక్కల మధ్య ఏడంగుళాల పుల్లలు ఇరికించి కడితే మధ్యలో పొట్ట లేస్తుంది. అదే బల్బుకి చోటు. కాగితానికి పతంగుల కాగితం వాడండి, సంక్రాంతి సరుకు డిసెంబరులోనే దుకాణాలకి దిగుతుంది, పలచగా ఉంటుంది, వెలుగు చక్కగా కారుతుంది. తెలుపూ ఎరుపూ చాలు, అన్ని రంగులూ పెట్టకండి. అతికించడానికి మైదా ఉడకబెట్టిన లై. పూర్వం పురుగు పట్టకుండా దాంట్లో మైలతుత్తం కలిపేవాళ్లు, అది విషం, చిన్నపిల్లలున్నారు, మీరు కలపకండి. పక్షం రోజుల ముచ్చటకి పురుగేం పట్టదు. ఒక పక్క అడుగున త్రికోణం అతికించకుండా వదిలేయండి, బల్బు మార్చాలన్నా వేడి పోవాలన్నా అదే దారి.

బల్బు 9 వాట్ల ఎల్‌ఈడీ చాలు, పసుపుది. 1996లో ఒక చర్చికి ఆరడుగుల స్టార్ కట్టి, దూరానికి కనబడాలని లోపల 100 వాట్ల గుండు బల్బు పెట్టాను. గాలికి బల్బు ఊగి కాగితానికి ఆనింది. క్యారల్స్ బృందం డప్పులు సర్దుకొని బయల్దేరేలోపే స్టార్ అంటుకుంది, అందరూ కింద నిలబడి చూశారు, ఒక ముసలమ్మ మాత్రం చాలా బాగుందని మెచ్చుకుంది, అదంతా ప్రోగ్రామే అనుకుంది పాపం. అప్పట్నుంచి హోల్డరుని పై కొన నుంచి ఒక తీగ, కింద నుంచి ఒక తీగ కట్టి కదలకుండా బిగిస్తాను. మీరూ అట్లాగే చేయండి. స్టార్‌ని వెదురు గడకే కట్టాలి, ఇనుప పైపుకి కాదు, కరెంటు తీగలు మీ ఇంటి ముందు నుంచి పోతుంటే ఆ వైపు అసలే వద్దు. జాయింటు ఇంటి లోపలే పెట్టుకోండి, డిసెంబరులో వాన లేకపోయినా రాత్రి మంచుకి టేపు తడుస్తుంది.

చెట్టు సంగతి. ప్లాస్టిక్ చెట్టు వద్దన్నారు, సంతోషం. నర్సరీల్లో క్రిస్మస్ ట్రీ అని కుండీలో అమ్మేది అరౌకేరియా, చూడ్డానికి అందంగానే ఉంటుంది, కానీ మన నల్లగొండ మే నెల ఎండ దానికి పడదు, నీడ లేకపోతే మాడిపోతుంది. పాత రోజుల్లో సరివి కొమ్మ దొరికితే అదే, లేకపోతే ఏ చెట్టు కొమ్మయినా నరుక్కొచ్చి బకెట్లో ఇసుక పోసి నిలబెట్టి, దాని మీద దూది అతికించి మంచు అనేవాళ్లం. దేవరకొండలో మంచు ఎవరు చూశారని! నేనైతే మీకు ఇంకో దారి చెప్తాను. మన జిల్లా అంతా పత్తి. డిసెంబరులో చేన్లలో చివరి ఏరుడు నడుస్తుంటుంది. మీ అత్తగారి ఊళ్లో ఎవరినైనా అడిగి, కాయలు విచ్చుకున్న పత్తి కట్టె ఒక పదీ పన్నెండు వేళ్లతో సహా పీకించుకొని తెప్పించండి. ఊరికే తీసుకోకండి, ఆ పత్తి రైతుకి డబ్బు, ఎంతో కొంత ఇవ్వండి. రెండు మూడు రోజులు ఎండలో పెట్టి, మందు కొట్టిన ధూళి పోయేట్టు బయటే బాగా దులిపి, ఎండాకులు తీసేసి, వేళ్లు కోసేసి, మీ పెద్ద ఇత్తడి బిందెలో తడి ఇసుక నింపి గుత్తిగా గుచ్చండి. ఎర్రగోధుమ రంగు కట్టె మీద తెల్లటి పత్తి, కింద ఇత్తడి, పక్క నుంచి పసుపు వెలుగు. ఏ డెకరేటరూ దీన్ని అద్దెకివ్వలేడు. నేను ఒక పెళ్లికి ఇట్లా పెడితే హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు ఎక్కడ కొన్నారని అడిగారు.

జాగ్రత్త ఒకటే, పత్తి దగ్గర మంట ఉండకూడదు. కొవ్వొత్తే కాదు, అగరబత్తి కూడా వద్దు. సీరియల్ దండ కూడా దాని మీద చుట్టకండి, వెనక గోడకి వేలాడదీయండి. కాయ తొడిమెలు ఎండాక సూదుల్లా గుచ్చుకుంటాయి, కాబట్టి పాపకి అందనంత ఎత్తులో, సందూగ మీద పెట్టండి. కొమ్మలకి వేలాడదీయడానికి గాజు గోళీలు కొనాల్సిన పని లేదు, పాత చేతిగాజుల ముక్కలు, పూసలు, కుట్టు మిషను సొరుగులో తప్పకుండా దొరికే ఖాళీ దారపు రీళ్లు, వాటికి ఎర్ర ఉన్ని చుట్టి కట్టండి. మీ అత్తగారి గుండీల డబ్బా ఉంటుంది చూడండి, ఆ తరం వాళ్లందరికీ ఉండేది.

ఇత్తడి తోమడం గురించి నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మా అమ్మ గంగాళం తళతళ మెరవాలని బాత్రూము కడిగే యాసిడ్ పోసి తోమాను. మెరవలేదు సరికదా, అక్కడక్కడ ఎర్రగా, రాగి రంగులో మచ్చలు పడ్డాయి. ఇత్తడిలో రాగీ జింకూ ఉంటాయి, యాసిడ్ జింకుని తినేస్తే రాగి బయటపడుతుంది, ఇంక ఎంత తోమినా పోదు. ఇరవై ఏళ్లయింది, ఇప్పటికీ ఆ మచ్చలు చూస్తే మా అమ్మ ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోవడమే గుర్తొస్తుంది. చింతపండు, ఉప్పు, అంతే. తోమిన వెంటనే కడిగి పొడిగుడ్డతో తుడిచేయండి, నీళ్లు ఆరిపోయే దాకా వదిలితే మళ్లీ మరకలు. అది కూడా అంచులూ పొట్టా తోమండి చాలు, మెడ మడతల్లో నల్లగా ఉన్నది ఉండనివ్వండి. మొత్తం మెరిస్తే నిన్న కొన్నట్టుంటుంది. సొట్టలు తీయించకండి.

ఇంతకుముందు ఇక్కడ ఒకావిడ మీకు కుట్టు మిషనుకి తెల్ల రంగు వేసి గరుకు కాగితంతో అక్కడక్కడ గీకమని సలహా ఇచ్చారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ చెక్కకి యాభై ఏళ్ల చేతి నూనె పట్టి ఉంటుంది, తడిగుడ్డతో తుడిచి, కొంచెం కొబ్బరినూనె రుద్ది వదిలేయండి. సందూగకి పాత రంగు పెచ్చులు ఊడుతుంటే మాత్రం గీకొద్దు, పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, పిల్లల నోట్లోకి పోతుంది. తడిగుడ్డతో ఒత్తి, ఊడేవి తీసేసి, పెచ్చులు మరీ ఎక్కువైతే మీద చీర పరిచేయండి.

చీర అంటే గుర్తొచ్చింది. ఆ సామానులో పాత చీరలుంటే కత్తెర పెట్టకండి. చిన్న గళ్ల నారాయణపేట చీరో, గద్వాల చీరో అంచు ముందుకి కనబడేట్టు మడిచి సందూగ మీద, బల్ల మీద పరిస్తే అదే టేబుల్ క్లాత్. పోచంపల్లి దుప్పటి ఉంటే సోఫా మీద. కానీ మూడూ ఒకే గదిలో వద్దు, కళ్లు తిరుగుతాయి.

ఫోటోల్లో మంచివి ఆరేడు ఏరండి. వాటిని గోడకి పెట్టకండి, స్టూడియోలో స్కాన్ చేయించి ప్రింట్లు పెట్టండి, అసలువి ఎండకీ లైటుకీ వెలిసిపోతాయి. పెళ్లి ఫోటోలకంటే క్రిస్మస్ రోజున చర్చి ముందు గుంపుగా దిగినవి దొరుకుతాయేమో వెతకండి. గ్రీటింగ్ కార్డులు ఉంటే అదృష్టమే. అప్పట్లో కవరు అంటించకుండా బుక్ పోస్టులో పంపితే తక్కువ స్టాంపు పడేది, వచ్చిన కార్డులన్నీ గదికి అడ్డంగా దారం కట్టి దాని మీద వేలాడదీసేవాళ్లం, ఎవరింట్లో దారం ఎంత పొడుగుందో అదో లెక్క. మీరు కర్టెన్ రాడ్డు నుంచి కర్టెన్ రాడ్డుకి కట్టండి. ఫాల్స్ సీలింగ్‌కి మేకులు కొట్టకండి, జిప్సం ఆగదు. గోడకి టేపు కూడా వద్దు, రంగు వేసి రెండు నెలలన్నా కాలేదు కదా, టేపు తీస్తే రంగు పొరలా ఊడొస్తుంది. ఒక ఇంట్లో హాలంతా అట్లా ఊడగొట్టి నా సొంత డబ్బుతో మళ్లీ రంగు వేయించాను.

కిటికీకి ఒక చిన్న పని. మెదక్ చర్చి మీరు చూసే ఉంటారు, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. అందులో రంగు అద్దాల కిటికీల్లో ఒకటి యేసు పుట్టుక. అట్లాంటిది మనం చేయలేం కానీ, వీధి వైపు కిటికీ అద్దానికి మిగిలిన పతంగుల కాగితం ముక్కలు పలచటి లైతో లోపలి నుంచి అతికిస్తే రాత్రి లోపలి వెలుగుకి బయట పోయేవాళ్లకి కనబడుతుంది. తర్వాత తడిగుడ్డ పెడితే వచ్చేస్తుంది, కొంచెం రంగు అంటుతుంది, అద్దమే కదా, తుడుచుకోవచ్చు. ఇది పూర్తిగా పిల్లలకే వదిలేయండి, వంకరగా ఉన్నా సరిచేయకండి.

యేసు పుట్టిన పశువుల పాక బొమ్మ పెట్టాలా వద్దా అన్నారు. మన బాప్టిస్టు, మెన్నోనైట్ ఇళ్లలో ఆ అలవాటు తక్కువే, కేథలిక్కుల ఇళ్లలో తప్పనిసరి. సెయింట్ ఫ్రాన్సిస్ 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో మొదలుపెట్టిన పద్ధతి అంటారు. పిల్లలున్న ఇల్లు, పెట్టండి, తప్పేముంది. మిర్యాలగూడ వైపు నుంచి కొత్త వరిగడ్డి ఎంత కావాలంటే అంత. ఒక పాత గంప పక్కకి పడుకోబెడితే అదే పాక. 15వ తారీఖున ఒక మట్టి మూకుడులో గోధుమలు నానబెట్టి చల్లండి, పండుగ నాటికి వేలెడంత పచ్చగడ్డి లేస్తుంది, లంబాడీ తండాల్లో తీజ్ పండుగకి గోధుమలు మొలకెత్తిస్తారు కదా, అట్లాగే. గడ్డిలో లైటు వైరు మాత్రం దూర్చకండి.

వాకిట్లో గడపకి జాజు (ఎర్రమట్టి) పూసి, సున్నంతో ముగ్గు పెడితే చాలు. మీ గడప గ్రానైట్ అయితే జాజు పట్టదు, ముగ్గుతోనే సరిపెట్టుకోండి, పెద్ద నక్షత్రం ఒకటి.

ఇంకా ఏమైనా కొనాలంటే హైదరాబాదులో గురువారం జుమ్మేరాత్ బజార్ ఉంది, పాత ఇత్తడీ చెక్కా దొరుకుతాయి, కానీ మీ మెట్ల కింద ఉన్నదే ఎక్కువ. పైగా సగం సామాను లోపలే ఉంచేయండి, అన్నీ తెచ్చి హాల్లో పెడితే ఇల్లు సర్దుతున్నట్టుంటుంది. గంగాళం ఒకటి, పత్తి కట్టె గుచ్చిన పెద్ద బిందె, సందూగ, మిషను, కందీళ్లు, ఇంతే ఈ ఏడు. మిగతా బిందెలు వచ్చే ఏడు చూద్దాం.

తారీఖుల లెక్క చెప్తాను. పత్తి కట్టె ఈ వారమే చెప్పిపెట్టండి, ఆలస్యమైతే ఏరేసి కట్టె పీకేస్తారు. బద్దలు 10వ తారీఖుకి, స్టార్ 15కి పైకెక్కాలి. మీ సంఘం క్యారల్స్ మీ వీధికి ఏ రోజు వస్తాయో పాస్టరు గారిని అడగండి, ఆ రాత్రికి మాత్రం అన్నీ వెలుగుతుండాలి. స్టార్ కట్టేటప్పుడు ఒక పక్కకి ఒరిగితే ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, ఏ గుర్తు దగ్గర తప్పిందో చూసి చెప్తాను.